మచ్చుకు పెట్టిన బియ్యం

కోతల మీద వాన పడి మూడు వారాలైంది. బాన్సువాడ చుట్టుపక్కల వడ్లు కళ్లాల్లోనే తడిశాయి. తడిసిన వడ్లు మరాడిస్తే బియ్యంలో నల్ల గింజ, పసుపు గింజ వస్తాయి. మిల్లర్లు తమ బియ్యంలో ఎక్కువ భాగం లెవీ కింద కేంద్రానికి ఇవ్వాలి. నూటికి మూడు గింజలకు మించి రంగు మారితే కేంద్రం గోదాము ఆ బియ్యాన్ని దించుకోదు. గోదాము దించుకోకపోతే మిల్లు వడ్లు కొనదు. మిల్లు కొనకపోతే రైతు దగ్గర వడ్లు మొలకెత్తుతాయి. ఆ మూడును ఎనిమిది చేయగలిగింది ఢిల్లీ ఒక్కటే. 2003 నవంబరులో బాన్సువాడ రైస్ మిల్లర్ల సంఘం ఢిల్లీ రైలెక్కింది అందుకే.

వెళ్లే ముందు సంఘం పదకొండు కోరికలతో వినతిపత్రం రాయించింది. తడిసిన వడ్ల సంగతి అందులో ఏడోది. రైలు మార్గం ఉంది, గోనె సంచుల ధర ఉంది, కరెంటు చార్జీలు కూడా ఉన్నాయి. కరెంటు ఢిల్లీ చేతిలో లేదని కార్యదర్శి వందన చెప్పింది. "ఎట్లాగూ పోతున్నం గద, ఒక మాట అడిగితే ఏంబోతది" అన్నారు సభ్యులు. ఢిల్లీలో ఆహార శాఖ అధికారి శుక్లా పది కోరికలు కొట్టేసి ఒకటి ఉంచాడు. "దీనికి రుజువు చూపండి. మేమే వచ్చి చూస్తాం" అన్నాడు. వస్తాడని వందన తప్ప ఎవరూ అనుకోలేదు. శుక్లా ఇద్దరు సహాయకులతో వచ్చి గెస్ట్‌హౌస్‌లో దిగాడు.

మర్నాడు పదిన్నరకు బృందం సంఘం హాలుకు వచ్చింది.

హాలు మార్కెట్ యార్డులో మేడ మీద ఉంది. బల్లల మీద గుడ్డ పరిచి పద్నాలుగు పళ్లేలు పెట్టారు. పద్నాలుగు మిల్లులు, పద్నాలుగు పళ్లేల బియ్యం. ఒక్కో పళ్లెం ముందు మిల్లు పేరు రాసిన అట్టముక్క. పేర్లు పెట్టాలన్నది సంఘం అధ్యక్షుడు భూమేశ్. జనం పలుచగా కనిపిస్తే బాగుండదని హైదరాబాద్ బియ్యం దలాలీలను ఇద్దరిని పిలిపించింది కూడా ఆయనే. వాళ్లు గోడ పక్కన కుర్చీల్లో కూర్చుని అట్టముక్కలు చదువుకుంటున్నారు.

వందన శుక్లా పక్కన నిలబడింది. ఆమె పుట్టిల్లు దెగ్లూరు. సరిహద్దు అవతల మహారాష్ట్రలో మరాఠీ, హిందీ బడిలో చదువుకుంది. బ్యాంకు అప్పు కోసం భర్త మధు మిల్లును ఆమె పేరున పెట్టాడు. మిల్లు ఆమె పేరున ఉంది కనుక సంఘంలో సభ్యురాలైంది. హిందీ వచ్చు కనుక కార్యదర్శి అయింది. ఢిల్లీ మాట బాన్సువాడకు, బాన్సువాడ మాట ఢిల్లీకి మార్చి చెప్పడం ఆమె పని.

శుక్లా మొదటి పళ్లెంలోంచి గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరిచాడు. సహాయకుడు వంద గింజలు లెక్కపెట్టి విడిగా పోశాడు. రంగు మారిన గింజ ఒకటి దొరికింది. రెండో పళ్లెంలో రెండు. మూడో పళ్లెంలో దొరకలేదు. నాలుగో పళ్లెం దగ్గర వందన చెబుతున్న వాక్యం సగంలో ఆపేసింది. శుక్లా తొమ్మిదో పళ్లెం దాకా చూసి చేతులు దులుపుకున్నాడు.

"బియ్యం బాగుంది" అన్నాడు హిందీలో. "మా ఇంట్లో వండుకునేది ఇంత బాగుండదు. మీకు మినహాయింపు ఎందుకు?"

వందన ఈ మాటను తెలుగులోకి మార్చలేదు. అందరికీ అర్థమైంది. మూడింటికి తిరుగు ప్రయాణమని చెప్పి శుక్లా భోజనానికి వెళ్లాడు. వందన దలాలీలను కూడా భోజనానికి పంపి తలుపు గడియ పెట్టింది.

"ఎవరు ఏరిండ్రు?" అంది.

ఆమె దేవిదాస్ వైపు తిరిగింది.

"దేవిదాస్ కాకా, నిన్న మీ మిల్లు కాడికి నేనే వచ్చిన. వడ్లు మొలకలొచ్చి నారుమడి లెక్క ఉన్నయ్. పళ్లెంల గీ బియ్యం ఎక్కడివి?"

దేవిదాస్ ఆ సంఘంలో అందరికన్నా పెద్ద. కండువా భుజం మార్చుకున్నాడు.

"పోయిన యాసంగివి బిడ్డా. చుట్టాలొస్తే ఉంటయని ఒక బస్తా తీసి పెట్టుకున్న."

"చుట్టాలకు పెట్టేటియి ఢిల్లోల్లకు ఎందుకు పెట్టినవ్?"

"వాళ్లు చుట్టాలు కారా ఏంది? గంత దూరం నుంచి వచ్చిండ్రు." ఎవరో నవ్వారు. దేవిదాస్ నవ్వలేదు. "నా పేరు రాసిన అట్ట ముందల నల్ల బియ్యం ఎట్ల పొయ్యమంటవ్? హైదరాబాద్ దలాలీ ఎదురుంగ కూసున్నడు. రేపు నా బియ్యం ఎవడు కొంటడు?"

వందన గోవర్ధన్ వైపు తిరిగింది. గోవర్ధన్ రోడ్డు కాంట్రాక్టులు మానేసి రెండేళ్ల కింద మిల్లు పెట్టాడు. ఢిల్లీ వెళ్లాలని సంఘంలో మొదట గొంతెత్తింది అతనే.

"నువ్వు?"

"మిగిలిన పదమూడు మంది నల్లయే పెడతరనుకున్న అక్కా. నా ఒక్కనిది తెల్లగుంటే ఏమైతది అనుకున్న."

"ఇంకెవరెవరు గట్ల అనుకున్నరు?"

ఒకాయన ఫ్యాను వైపు చూశాడు. ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిగతావాళ్లు పళ్లేలు చూశారు.

"దవాఖానకు పోయి డాక్టర్ ముందల కూసోని, నాకేం రోగం లేదు, మస్తుగున్న అని చెప్పొస్తరా మీరు?"

"మా నాయన గట్లనే చెప్పేటోడు" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ఉన్నడా మీ నాయన?"

"లేడు."

వందన అందరి వైపు తిరిగింది. "ఎంపీ ఇంటి వరండాల మూడు రోజులు కూసున్న. ఢిల్లీల కృషి భవన్‌ల ఏ మెట్టు మీద నీడ ఉంటదో నాకు తెలుసు. గా సాబ్‌ను ఒప్పించి ఈడి దాక తెస్తే, మీరు పెండ్లి బియ్యం పళ్లెంల పోసి చూపిస్తరు. నా మిల్లు కళ్లంల నస్రుల్లాబాద్ ఊరు మొత్తం వడ్లున్నయ్. తండాలయి ఉన్నయ్. రేపు నేను వాళ్లకేం చెప్పాలె? మా సంఘపోళ్లకు సిగ్గయింది, మీ వడ్లు తీసుకపోండ్రి అని చెప్పాల్నా?"

"నాది ఏరింది కాదు" అన్నాడు భూమేశ్. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. అధ్యక్షుడు గనుక అట్లా అంటున్నాడని అందరూ అనుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

గోవర్ధన్ గొంతు సవరించుకున్నాడు. "అందర్ని అంటున్నవ్ గాని అక్కా, నీ పళ్లెం చూసినవా?"

వందన పళ్లెం వరుసలో చివరిది, పద్నాలుగోది. శుక్లా అక్కడిదాకా రాలేదు. మాటలు మార్చి చెప్పే పనిలో ఆమె కూడా చూడలేదు. ఇప్పుడు వెళ్లి చూసింది. బియ్యం తెల్లగా ఉంది. చేయి పెట్టి అడుగు దాకా కెలికింది. అడుగునా తెల్లగానే ఉంది.

మధు తలుపు పక్కన నిలబడ్డాడు. "నువ్వు రాత్రి కట్టిన మూటనే పొద్దుగాల తెచ్చిన. విప్పి కూడ చూడలే" అన్నాడు, అడగకముందే.

"ఎవరు విప్పిండ్రు మరి?"

"పళ్లెంల పోసింది సోమ్లి."

సోమ్లి వందన మిల్లులో హమాలీ. తండా మనిషి. పళ్లేలు మోసుకొచ్చి కింద యార్డులో తోటి హమాలీ చాంద్రితో కూర్చుని ఉంది. మధు గడియ తీసి పిలిస్తే మెట్లెక్కి వచ్చింది. పద్నాలుగు మిల్లుల యజమానులు తన వైపు చూడటంతో గడప దగ్గరే ఆగింది.

"గా బియ్యం ఏరింది నువ్వేనా?" అంది వందన.

"నేనే అక్కా. మూట విప్పుతే గలీజుగున్నయ్. ఢిల్లీ సాబులు చూస్తరంటిరి. నేను, చాంద్రి కూసోని ఏరినం. నడుములు పడిపోయినయ్."

"ఏరుమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

సోమ్లికి ప్రశ్న అర్థం కాలేదు. "శాంపిల్ అంటే ఏరే పెట్టాలె గద. మీరే నేర్పిండ్రు. పోయినేడు శాంపిల్‌ల ఒక్క నల్ల గింజ ఉన్నదని గంత లొల్లి చేస్తిరి. మర్సిపోయిండ్రా?"

వందన మర్చిపోలేదు.

"ఏరిన నల్లయి యాడున్నయ్?"

"కోళ్లకు పోసిన."

హాలులో ఎవరూ నవ్వలేదు. దేవిదాస్ దగ్గాడు. శాంపిల్ అంటే గుప్పెట్లో పెట్టి దలాలీకి చూపే బియ్యం. ఏరకుండా చూపిన మిల్లరు బాన్సువాడలో లేడు. ఏరకుండా చూపాలని వందన అందరికీ చెప్పింది. సోమ్లికి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

"మంచిగ ఏరినవ్ పో" అంది చివరికి. సోమ్లి అది మెచ్చుకోలనుకుని మెట్లు దిగింది.

వందన, భూమేశ్ గెస్ట్‌హౌస్‌కు వెళ్లారు. మధు స్కూటర్ మీద వెనక వచ్చాడు. శుక్లా ఇంకా తింటున్నాడు.

"సాబ్, మీరు చూసినవి ఏరిన బియ్యం" అంది వందన. "అట్లా ఏరి పెట్టడం మా వ్యాపారంలో అలవాటు. మోసం కాదు. అసలు బియ్యం మిల్లుల్లో ఉంది."

శుక్లా చపాతీ పళ్లెంలో పెట్టాడు. "మంచి బియ్యాన్ని చెడిపోయిందని చూపించి మినహాయింపు అడిగినవాళ్లను చూశాను. చెడిపోయినదాన్ని మంచిదని చూపించి అమ్మినవాళ్లను చూశాను. చెడిపోయింది ఆదుకోమని ఢిల్లీ దాకా వచ్చి, మేం చూడ్డానికి వస్తే దాచిపెట్టిన సంఘాన్ని ఇప్పుడే చూస్తున్నాను."

 

శుక్లా చేయి కడుక్కుని వచ్చాడు. "మూడింటికి బయల్దేరాలి. ఒక్క మిల్లు చూస్తాను. ముందుగా ఎవరికీ కబురు వెళ్లకూడదు. కళ్లం, గోదాము, నేనే చూస్తాను. ఏది కనిపిస్తే అది రాస్తాను. వినతిపత్రం మీద మొదటి సంతకం అధ్యక్షుడిది. కనుక అధ్యక్షుడి మిల్లు."

వందన లెక్క వేసుకుంది. ఒక మిల్లు చాలు. ఏ మిల్లు చూసినా చాలు. ఆమె భూమేశ్‌కు తెలుగులో చెప్పింది. భూమేశ్‌కు హిందీలోనే అర్థమైంది.

"మాది దూరం సాబ్. పిట్లం రోడ్డు" అన్నాడు.

"జీపు ఉంది" అన్నాడు శుక్లా. చెప్పులు తొడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

వరండా మెట్ల దగ్గర కిషన్‌లాల్ నిలబడి ఉన్నాడు. నస్రుల్లాబాద్ అవతలి తండా రైతు. అతని వడ్లు వందన మిల్లు గేటు దగ్గర తాటిపత్రి టార్పాలిన్ కింద ఉన్నాయి. రోజూ పొద్దున వచ్చి తాటిపత్రి ఎత్తి చూసి కప్పి పోతున్నాడు.

"ఏమాయె అక్కా?"

"భూమన్న మిల్లు చూస్తరట. ఇప్పుడే."

"గా మిల్లెందుకు?" అన్నాడు కిషన్‌లాల్. "వాన పడ్డ సంది ఆ గేటు మాకు తియ్యలే. తడి వడ్లు తీసుకోనన్నడు భూమేశ్ పటేలు. వందన మిల్లుకు పోండ్రని ఆయనే తోలిండు మమ్ముల. ఆయనకు వడ్లు దెగ్లూరు నుంచి లారీల వస్తున్నయ్. ఎండినయి. చూస్తిమి గద మేం."

వందన వెనక్కి తిరిగింది. భూమేశ్ జీపు వెనక నిలబడి రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. నాది ఏరింది కాదు అని ఆయన చెప్పిన మాట నిజమే. ఏరడానికి ఆయన దగ్గర నల్ల గింజ లేదు.

ఆమె జీపు వెనక్కి వెళ్లింది.

"భూమన్నా, కిషన్‌లాల్ చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మరి ఢిల్లీకి ఎందుకొచ్చినవ్?"

"అధ్యక్షున్ని గద. రాకపోతే ఏం బాగుంటది?"

వందన ఆయన మొహం చూసింది. ఆయన ఎగతాళికి అనలేదు.

"యార్డుల మైకు పట్టుకోని చెప్పింది నువ్వు. మినహాయింపు వస్తది, మిల్లర్లందరు తడి వడ్లు తీసుకోవాలె, రైతును ఆగం చెయ్యొద్దు అన్నవ్. చప్పట్లు కొట్టిండ్రు జనం. నీ మాట మీద నేను గేటు తీసిన."

"చెప్పిన. వస్తదో రాదో నాకేం ఎరుక చెల్లె? తడివి కొని నన్ను మునగమంటవా?"

"నన్ను మునగమన్నవ్ గద."

భూమేశ్ రుమాలు మడిచాడు.

"ఇగ ఒక్కటే పని" అంది వందన. "శుక్లా సాబ్‌కు నువ్వే చెప్పు. నా మిల్లుల తడి వడ్లు లేవు, వందన మిల్లుకు పోదాం అని. రెండు ముక్కలు."

"ఎట్ల చెప్తనే? బాన్సువాడ మిల్లులన్ని తడి వడ్లతోని నిండినయని రాసినం. కింద నా సంతకం ఉన్నది. అధ్యక్షుని మిల్లే ఖాళీ అంటే మిగిలినయి కూడ అబద్ధమే అంటడు."

"మరి నీ మిల్లు చూస్తే ఏమంటడు? తెల్ల బియ్యం కుప్ప చూసి మినహాయింపు ఇస్తడా?"

భూమేశ్ రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ నువ్వే చెప్పరాదు?" అన్నాడు.

"పొద్దుగాల సంది ఒకటి ఒప్పుకున్న. ఇంకోటి నేనే చెప్తే, మీల మీకే కొట్లాట, నడువుండ్రి అంటడు. నీ మిల్లు సంగతి నీ నోటితోని రావాలె."

"దారిల చెప్త" అన్నాడు భూమేశ్. ఆయన ఢిల్లీ రైల్లో కూడా చాలా సంగతులకు ఇదే మాట అన్నాడు.

శుక్లా సహాయకులతో వచ్చి జీపు వెనక సీట్లో కూర్చున్నాడు. దారి చూపడానికి భూమేశ్ డ్రైవర్ పక్కన ఎక్కాడు. వందన మధు వెనక స్కూటర్ ఎక్కింది. కిషన్‌లాల్ సైకిల్ తొక్కుతూ వెనకబడ్డాడు.

"చెప్తడంటవా?" అన్నాడు మధు.

"చౌరస్తా దాక టైం ఉన్నది."

గెస్ట్‌హౌస్ నుంచి చౌరస్తాకు రెండు నిమిషాలు. అక్కడ ఒక వైపు బోధన్ రోడ్డు. నస్రుల్లాబాద్ మీదుగా పోతుంది, వందన మిల్లు అటు. రెండో వైపు పిట్లం రోడ్డు. జీపు మెల్లగా పోతోంది. జీపు వెనక అద్దంలోంచి భూమేశ్ మెడ వెనక భాగం కనిపిస్తోంది. అది ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

చౌరస్తాలో జీపు ఆగింది. డ్రైవర్ భూమేశ్‌ను ఏదో అడిగాడు. ఎటు అని అడిగి ఉంటాడు.

అదే సమయంలో పిట్లం రోడ్డు నుంచి ఒక లారీ వచ్చి జీపుకు ఎదురుగా ఆగింది. మహారాష్ట్ర నంబరు. పైన తాటిపత్రి, కింద వడ్ల బస్తాలు. లారీ డ్రైవర్ కిటికీలోంచి సగం బయటికి వంగి, జీపులో భూమేశ్‌ను చూసి చేయి ఊపాడు.

"పటేల్ సాబ్, గేటాలా కులుప్ ఆహే. మాల్ కుఠే ఉతరవూ?"

గేటుకు తాళం ఉంది, సరుకు ఎక్కడ దించమంటారు అని. మరాఠీలో అడిగాడు. చౌరస్తాలో ఆ మాట అర్థమైనవాళ్లు చాలామంది ఉన్నారు. భూమేశ్ తప్ప వాళ్లెవరూ జీపులో లేరు.

శుక్లా తల బయట పెట్టి లారీని చూశాడు. నంబరు ప్లేటు చూశాడు. బస్తాలు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి స్కూటర్ మీద ఉన్న వందనను చూశాడు.

"ఏమంటున్నాడు అతను?" అన్నాడు హిందీలో.

భూమేశ్ కూడా తిరిగాడు. గెస్ట్‌హౌస్ నుంచి ఆయన వెనక్కి చూడటం అదే మొదటిసారి. వందనను చూసి తల అడ్డంగా ఊపాడు, శుక్లాకు కనపడకుండా.

సైకిల్ మీద కిషన్‌లాల్ అప్పుడే వచ్చి చేరాడు. ఒక కాలు నేల మీద ఆనించి, వందన మొహంలోకి చూశాడు.

వందన స్కూటర్ దిగింది. మార్చి చెప్పడం ఆమె పని. జీపు దగ్గరికి నడిచి, శుక్లా కిటికీ పక్కన ఆగి, లారీ డ్రైవర్ అన్న మాటను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె రెండో వాక్యంలో ఉండగా ముందు సీటు తలుపు తెరుచుకుంది. భూమేశ్ జీపు దిగి శుక్లా కిటికీ దగ్గరికి వచ్చాడు.